యాభై ఎనిమిది వ్యాగన్లు

పెదవాల్తేరులో మేడమెట్లు ఎక్కేసరికి
జిరాక్స్ పుస్తకం ఇంకా వెచ్చగానే ఉంది.
స్పైరల్ బైండింగుతో కలిపి, వారం రోజుల టిఫిన్ డబ్బులు.

"క్వాంటం ఫీల్డ్ థియరీ చెప్తారా మేడం?"
గేదెల కస్తూరి గారు బీరకాయ చెక్కు తీస్తున్నారు.
రిటైరై ఆరేళ్లు. తల ఎత్తలేదు.
"స్ప్రింగు తెలుసా?"
"ఇంటర్లోనే చదివాం మేడం."
"చదివావు సరే. తెలుసా అని."

పుస్తకాన్ని ఫ్రిజ్ మీద పెట్టించారు, పోపుల డబ్బా పక్కన.
"అది అక్కడే ఉంటాది. నువ్వు ఉంటావో లేదో చూద్దాం."

పద్నాలుగు నెలలు, మంగళ శుక్రవారాలు,
జ్ఞానాపురం నుంచి.

మొదటి నెలంతా ఒక్క స్ప్రింగే.
లాగడం, వదలడం. తర్వాత దాన్నే క్వాంటం చేయడం:
మెట్టు ఎక్కించే గుర్తొకటి, దింపే గుర్తొకటి,
అట్టడుగు మెట్టు మీద కూడా ఆగని చిన్న వణుకు.
ఎందుకు ఆగదు అంటే
"చలికి కాదులే" అన్నారు.
ఆమె జోకులు అలాగే ఉంటాయి.

తర్వాత కాలాన్నీ దూరాన్నీ ఒకే బద్దతో కొలవమన్నారు,
ఒకదానికి ప్లస్సు, రెండోదానికి మైనస్సు.
ఆ మైనస్సు మరిచిపోయి వారం పాటు తప్పుడు లోకంలో తిరిగాను.
అక్కడ నిన్నా రేపూ
గాజువాకా మధురవాడా లాగ అటొకటి ఇటొకటి,
బస్సు మారితే నిన్నకి వెళ్లిపోవచ్చు.

కాంతి వేగాన్ని ఒకటి అనుకో అన్నారు.
ఇది మాత్రం వెంటనే ఎక్కింది.
మా అమ్మ వంటింట్లో స్టీలు గ్లాసే ఒకటి,
మిగతా ప్రపంచమంతా దాంతోనే.

ధ్రువం మీద కాలు పెట్టకుండా
దాని చుట్టూ తిరిగి లెక్క తేల్చడం:
"సింహాచలం గిరిప్రదక్షిణే ఇది రోజలిన్,
ముప్ఫై రెండు కిలోమీటర్లు, కొండ ఎక్కక్కర్లేదు,
లోపలేముందో నడకే చెప్తాది."
నేనెప్పుడూ నడవలేదు.
ఆ రోజున అడివివరం దగ్గర నిలబడి
జనానికి మజ్జిగ మాత్రం పోశాను.

గ్రూపుల దగ్గర ఏడ్చాను. దాని గురించి రాయను.

ఆగస్టులో ఒక రాత్రి, వాన,
నాన్నకి క్యారేజీ పట్టుకుని యార్డుకి వెళ్లాను.
నాన్న పాయింట్స్‌మన్. పేరు గాబ్రియేలు.
నాలుగు ఇంజన్ల హారన్లు ఒకేసారి మోగినా
పడుకునే విడదీసి చెబుతాడు, ఏది ఏ లైనుదో.
ఆ విద్యకి మేడం నా చేత రెండు నోట్‌బుక్కులు నింపించారు.

కిరండూల్ నుంచి వచ్చిన ఖనిజం బండి, యాభై ఎనిమిది వ్యాగన్లు.
అటు చివర ఇంజను తాకింది.
ఢన్, ఢన్, ఢన్,
కప్లింగు నుంచి కప్లింగుకి, చీకట్లో, నా వైపు.
ఏ వ్యాగనూ ప్రయాణం చెయ్యలేదు.
ప్రతిదీ తన చోట జానెడు ఊగి నిలబడింది.
కానీ ఏదో వచ్చింది.
వచ్చి, చివరి పెట్టె గొలుసుని గలగలలాడించింది.
దాన్ని లెక్కపెట్టొచ్చు. ఒకటి. కాసేపాగి, రెండు.
దానికొక పేరు పెట్టొచ్చు.
ఇప్పుడు వ్యాగన్లని అగ్గిపెట్టెలంత చెయ్యి,
ఇసుక రేణువులంత,
ఇంక మధ్యలో సందు లేనంత.

"ఏటే అలా నిలబడిపోయావు, తడిసిపోతన్నావు."
ఏమీ లేదు నాన్నా అన్నాను.
అబద్ధం.

శుక్రవారం మేడంకి చెప్పాను.
విని, చేయి తుడుచుకుని, ఫ్రిజ్ మీది పుస్తకం దించారు.
అట్ట మీద పసుపు వేలిముద్ర.

ఇరవై ఎనిమిదో నంబరు బస్సులోనే తెరిచాను.
జగదాంబ దాటేలోపు నాలుగు పేజీలు. మూడు అర్థమయ్యాయి.
నాలుగో పేజీలో లెక్క అనంతానికి పోయింది:
అట్టడుగు మెట్ల మీది వణుకులన్నీ కలిపితే వచ్చేది అదేనట.
పట్టించుకోకు, తీసేయ్ అంటోంది పుస్తకం.

ఎందుకు తీసేయాలో
మంగళవారం అడగాలి.